కారు టాప్ మీద సొట్ట

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పుడు మా ఇంట్లో దాన్నొక గొప్పలా చెప్పుకునేవాళ్ళు, తండ్రి పోలిక అనేవాళ్ళు. మా నాన్న అమ్మను కొట్టేవాడు, ఎద్దులను కొట్టేవాడు. ఒకసారి తాడు చిక్కుపడిందని బావి గిలకను గొడ్డలితో నరికాడు. ఆ పోలిక ఏమంత గొప్పదో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. నాకు నలభై ఆరేళ్ళొచ్చాయి. పెళ్ళి నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో విడమర్చి చెప్పను, చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. నాంపల్లిలో ఒక పాత ఇంట్లో, రెండో అంతస్తులో నేనూ మా అమ్మా కిరాయికి ఉంటాం. కోర్టుల ఎదుటి సందులో నాకొక జిరాక్స్ దుకాణం ఉంది.

నేను చెప్పబోయేది మా కింది వాటాలో ఉండే ఒక మనిషి కుడిచేతి గురించి. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మెట్ల కింద, ఒక బల్ల, ఒక దీపం, ఒక కుర్చీ పట్టేంత చోటులో ముప్పై ఏళ్ళుగా కూర్చుంటున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ చిన్న మరసీలను పట్టుకుంటుందో లేదో, ఇది రాస్తున్న రోజుకు కూడా డాక్టరు గట్టిగా చెప్పలేదు. ఆ చేతిని అలా చేసింది నేను.

ఏప్రిల్ నెల. మధ్యాహ్నం మూడింటికే దుకాణంలో దీపాలు వేయాల్సి వచ్చింది. ముందు గాలి వచ్చింది. పగబట్టినట్టు వచ్చింది. ఎదుటి చాయ్ హోటల్ మీది రేకును ఊడబెరికి కరెంటు స్తంభానికి కొట్టింది. రేకు స్తంభాన్ని చుట్టుకుని గిలగిలా కొట్టుకుంది. తర్వాత రాళ్ళు మొదలయ్యాయి. మొదట శనగగింజలంత, చూస్తుండగానే నిమ్మకాయలంత. నా దుకాణం పైకప్పు కూడా రేకులే. లోపల అఫిడవిట్ కాపీల కోసం నిలబడ్డ మనిషి నా చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క వినపడలేదు. ఒక పావురం గడప ముందు టపీమని పడింది. లేవబోయింది. ఇంకో రాయి పడింది, ఇక లేవలేదు.

నాకు నా కారు గుర్తొచ్చింది. ఇంటి కింద సందులో, నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేని చోట నిలబెట్టి వచ్చాను. చిన్న తెల్ల కారు, సెకండ్ హ్యాండ్‌ది. ఆదివారం వస్తే షాంపూ పెట్టి కడిగేవాణ్ణి. "నువ్వు జేసే తానం గూడ గంత సక్కగ జెయ్యవు" అని అమ్మ ఎక్కిరించేది. నాకున్నవాటిలో నేను ఒక్క మాట కూడా అనని వస్తువు అదే. షటర్ కిందినుంచి బయటికి తల పెట్టానో లేదో నుదుటి మీద ఒక రాయి తగిలింది. కనుబొమ మీదుగా రక్తం కారింది. రుమాలు అదిమిపెట్టుకుని, బయట ఆ రాళ్ళ మోతను బూతులు తిడుతూ కూర్చున్నాను.

వాన నిలవగానే పరిగెత్తాను. సందంతా మంచు, దాని మీద వేపాకు రొట్ట. కారు ముందు అద్దం పగిలి చెదలు పట్టిన గోడలా గీతలుగీతలుగా ఉంది. బానెట్ నిండా గుంతలు. ఒక పక్క అద్దం తీగకు వేలాడుతోంది. టాప్ మీద, డ్రైవర్ సీటుకు సరిగ్గా పైన, బెత్తెడు లోతుకు దిగిన సొట్ట. మిగతా గుంతలు ఒక ఎత్తు, అది ఒక్కటీ ఒక ఎత్తు. తల ఎత్తి చూస్తే అమ్మ రెండో అంతస్తు పిట్టగోడ దగ్గర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కారుకు పట్టిన గతికి బాధపడుతోందనుకున్నాను.

పగిలిన అద్దంలోంచే దారి చూసుకుంటూ నాంపల్లి స్టేషన్ వెనక, కార్ల సొట్టలు తీసే డెంటింగ్ సందుకు తీసుకుపోయాను. అప్పటికే అక్కడ కార్లు దవాఖానలో రోగుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. నాకు తెలిసిన డెంటర్ అరవై దాటిన మనిషి, అందరూ ఉస్తాద్ అంటారు. జీవితమంతా రేకు మీద సుత్తె మోత విని విని ఒక చెవి పోయింది, అందుకే ఎవరితోనైనా అరిచే మాట్లాడతాడు. అరచేతి కింద ఒక గుడ్డపేలిక పెట్టుకుని బానెట్ మీద రుద్దినట్టు తిప్పాడు. వట్టి చేతికి తెలియని గుంత గుడ్డ కింద తెలుస్తుందట. తెలిసిన ప్రతి గుంత చుట్టూ సుద్దముక్కతో ఒక సున్నా చుట్టాడు.

"గివన్నీ రాళ్ళే" అన్నాడు. "గుండ్రంగ వడ్డయ్, రంగు పలగలే. లోపల్నుంచి మెల్లగ లేపుత. లప్పం గూడ వెట్టే పని లేదు."

టాప్ దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క ఆగింది. వేప రొట్టను వేలితో పక్కకు తోశాడు. సున్నా చుట్టలేదు, ఇంటూ గుర్తు కొట్టాడు.

"గిది రాయి గాదు."

"మరేంది?"

"ఇనుము. గీడ సూడు, రంగును కోసింది. వానరాయి రేకును గుంత జేస్తది గని రంగును కొయ్యదు. పైకెళ్ళన్న ఏదో వడ్డది, లేకుంటే ఎవడన్న కొట్టిండు."

"ఎవడు కొట్టిండు?"

"నేనేమన్న పోలీసోన్నా? గీ బురద కడగనియ్. రేపు పొద్దుగాల రా, ఏం తగిలిందో జెప్త. తగిలిందేందో తెలుస్తేనే ఎట్ల లేపాల్నో తెలుస్తది."

రేపు పొద్దున అన్నాడు. అంతసేపు ఆగడం నావల్ల ఎప్పుడవుతుంది? ఎవడన్న కొట్టిండు అన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది. ఆ ఎవడో ఎవరో నాకు అక్కడే తెలిసిపోయింది.

గడియారాలాయన స్కూటరు ఇంట్లోంచి బయటికి రావాలంటే నా కారు పక్కన జానెడు సందులోంచి రావాలి. మూడేళ్ళుగా మా ఇద్దరికీ దాని మీదే గొడవ. నెల కిందట ఆయన హ్యాండిల్ నా కారు తలుపుకు గీసుకుంది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నా మొహం చూడకుండానే స్కూటరు స్టార్ట్ చేసుకుంటూ, గాలితో చెప్పినట్టు, "గీ డబ్బను ఎవడన్న సుత్తెతోని పలగ్గొడ్తే పీడ వోతది" అన్నాడు. ఆ మాటను నేను నెల రోజులుగా లోపల దాచుకుని పెంచుకుంటున్నాను.

నేను ఇంటికి వెళ్ళేసరికి ఇంకా పొద్దు కుంకలేదు. ఆయన కింది జాలీ గేటు దగ్గర, లుంగీ పైకి కట్టి, గడపలో పేరుకున్న మంచును తట్టలోకి ఎత్తుతున్నాడు. నన్ను చూసి, నుదుటి మీద గాయం చూసి, "అయ్యో తమ్మీ, నీకు గూడ తగిలిందా?" అన్నాడు. జవాబుగా నేను చెంప మీద కొట్టాను. కళ్ళద్దాలు మంచులో పడ్డాయి. ఇంకో చెంప మీద కొట్టాను.

"నా కారు పలగ్గొడ్తవురా? రాళ్ళ వానల ఎవనికీ తెల్వదనుకున్నవా?"

"నేను కొట్టలే తమ్మీ. నేనెందుకు కొడ్త? నా మాటిను."

ఆయనకు నాకంటే పదేళ్ళు పెద్ద వయసు. ఎప్పుడూ అన్నా అని పిలిచినవాణ్ణి. చొక్కా పట్టి గుంజితే తూలాడు. పడకుండా కుడిచేత్తో గేటు అంచు పట్టుకున్నాడు. నేను గేటును లాగి మూశాను, వేళ్ళు చట్రానికీ దానికీ మధ్య ఇరుక్కున్నాయి. మొదటిసారి చూసుకోకుండా లాగానని నాకు నేను చెప్పుకోవచ్చు. రెండోసారి చూసే లాగాను. చెరుకు మిషన్లో గడ పెట్టినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. ఆయన అరవలేదు, ఊపిరి లోపలికి పీల్చి అలాగే ఉండిపోయాడు. తెల్లటి మంచు మీద రక్తం పడి, పడ్డచోటల్లా చిన్న గుంతలు చేసింది. పైనుంచి అమ్మ అరుస్తోంది. "ఇడ్వు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత, ఇడ్వు." పక్కవాటాల వాళ్ళు ఇద్దరు వచ్చి నన్ను వెనకనుంచి పట్టి గుంజారు. ఆయన చేతికి తువ్వాలు చుట్టి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు.

నేను ఏం చేశానో చెప్పమంటారా? మెట్ల మీద కూర్చుని చాయ్ తాగాను. ఇలాంటి కేసుల కాగితాలు రోజూ నా దుకాణంలోనే కాపీ తీస్తాను. ఏ దెబ్బకు ఏ సెక్షనో నోటికొచ్చు. పోలీసులు వస్తారని చూశాను, రాలేదు. తప్పు చేసినవాడు ఏ మొహం పెట్టుకుని కేసు పెడతాడు అనుకున్నాను. ఆ పూట అమ్మ అన్నం తినలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లవారి ఉస్తాద్ దగ్గరికి గెలిచినవాడిలా వెళ్ళాను. కారు కడిగి ఉంది. లోపలి కప్పు గుడ్డ విప్పేసి, టాప్‌ను వట్టి రేకుగా నిలబెట్టారు. ఉస్తాద్ నన్ను చూసి నవ్వుతూ స్టూలు మీదికి ఎక్కించాడు. సొట్ట అడుగున, రంగు లేచిపోయిన చోట, ఒక గుండ్రటి అచ్చు ఉంది. చేతి గాజుకంటే చిన్నది. దాని వెనక బారెడు పొడుగున ఒక చాలు.

"రోకలి" అన్నాడు. "గీ గుండ్రంగ వడ్డది రోకలి పొన్ను. ఎన్క గీ చాలు కట్టె వడ్డది. మీ ఇంట్ల ముసలోల్లు ఉన్నరా?"

నేను స్టూలు దిగాను.

"మాది గూడ ఊరే బయ్. రాళ్ళ వాన వడ్డదంటే మా అవ్వ గూడ రోకలి దీస్కపొయ్యి వాకిట్ల ఇసిరేది. ఇనుప పొన్ను నేల తాకితే రాళ్ళు నిలుస్తయంట. పాపం, రాళ్ళు నిలవాలెనని ఇసిరింది ముసలామె. కింద వాకిలి లేకపాయె, నీ కారుండె." అతనికి అది తమాషాగా ఉంది. పక్క కారు దగ్గర పనిచేస్తున్నవాడికి కూడా అరిచి చెప్పాడు.

మా అమ్మ రోకలి విసరడం నేను చిన్నప్పుడు చూశాను. ఊళ్ళో మా పెద్ద వాకిట్లో అది రెండు పల్టీలు కొట్టి గుమ్మడిపాదులో పడేది. వాన నిలిచిందా లేదా ఎవరు చూశారు! ఊరు వదిలి ఇన్నేళ్ళయినా పసుపు దంచడానికని ఆ రోకలిని కూడా వెంట తెచ్చుకుంది. అది నాకు తెలుసు. అన్నీ నాకు తెలుసు. అయినా తట్టలేదు.

సిగ్గు రావాలి కదా ఎవరికైనా? నాకు ముందు కోపం వచ్చింది. ఉస్తాద్ బల్ల మీది పెద్ద సుత్తె అందుకున్నాను. "ముసల్దానా, నోట్ల మాట లేదా నీకు, నోరు వడిపోయిందా" అంటూ కారు లోపలికి దూరి, ఆ సొట్టను కిందినుంచి కొట్టాను. ఒకటి, రెండు, ఎన్నో తెలియదు. ప్రతి దెబ్బకూ అమ్మనే తిడుతున్నాను, అమ్మ ముఖమే కళ్ళ ముందుంది. రేకు పైకి లేచింది. లేచి, ఉబ్బింది. వేలితో నొక్కితే టప్‌మని లోపలికి, వదిలితే టప్‌మని బయటికి.

ఉస్తాద్ నన్ను కాలర్ పట్టి బయటికి ఈడ్చాడు. ఈడ్చి, ఎడమ చెంప మీద ఒకటి పీకాడు. నన్ను ఎవరైనా కొట్టి ఇరవై ఏళ్ళయింది. చెవిలో గుయ్‌మంది.

"సుత్తె దొరికితే సాలా? ఎంత కొట్టాల్నో ఎర్క లేనోడు ఎందుకు ముట్టాలె? సొట్ట వడ్డ రేకు లేస్తది. సాగిన రేకు ఎన్కకు రాదు, ఎర్కనా నీకు?"

తిరిగి కొట్టలేదు. అది కూడా ఒక వింతే. ఉస్తాద్ చాలాసేపు బీడీ తాగి, గ్యాస్ మంట తెచ్చి, ఉబ్బిన చోట పైసా బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్దాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. నన్ను లోపల కూర్చోబెట్టి, రేకు కింద ఇనుప దిమ్మె పట్టుకోమన్నాడు. పైనుంచి అతను చిన్న సుత్తెతో తడుతుంటే ఒక్కో దెబ్బ నా మోచేతి దాకా దిగింది. కాల్చడం, తడపడం, తట్టడం, మధ్యాహ్నం దాకా అదే పని. దిమ్మె కొంచెం జరిగితే "కదలకు" అని అరిచేవాడు. అంత మెల్లగా కొట్టే మనిషి పక్కన నేను ఎప్పుడూ కూర్చోలేదు. దిమ్మె పట్టుకునే, పైన అతనికి వినపడేలా అరుస్తూ, గేటు సంగతి చెప్పాను.

సుత్తె ఆగింది. "ఏ చెయ్యి?"

"కుడిది."

"ఏం పని జేస్తడు?"

"గడియారాలు."

సుత్తె కింద పెట్టాడు. తర్వాత కిటికీలోంచి వంగి చూసి, "మరి గీడేం జేస్తున్నవ్?" అన్నాడు.

ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అమ్మ నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. దారి పొడుగునా గొంతు తగ్గించుకుని మాట్లాడాలని అనుకుంటూ వచ్చాను. తగ్గించుకునే అడిగాను.

"అమ్మా, రోకలి ఎక్కడుంది?"

అమ్మ రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది. చేట ఒళ్ళోంచి జారి బియ్యం నేలంతా పడింది. మా నాన్న పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆ చేతులు ఆ చోటికి ఎలా వెళ్ళాలో మరిచిపోలేదు.

"నేనే ఇసిరిన బిడ్డా. మీ మామ పొద్దుగాల ఫోన్ల చెప్పిండు, వరి కోతకొచ్చిందని. గాడ గూడ వడుతున్నయేమో, చేనంత రాలిపోతదేమో అనుకున్న. కింద నీ కారున్నది యాదికి లేదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల జెప్పాలె? నువ్వొచ్చినప్పుడు నీ మొకం సూస్కున్నవా?" చేతులు ఇంకా దించలేదు. "నాకు నువ్వంటే భయం బిడ్డా."

వంగి బియ్యం ఎత్తబోతే వెనక్కి జరిగింది. నేను బియ్యం అలాగే వదిలేసి మెట్లు దిగాను. ఏడుపొచ్చింది. సందులో నిలబడి ఏడ్చాను, చూసేవాళ్ళు చూశారు.

మొజంజాహీ మార్కెట్ దగ్గర బత్తాయిలు కొన్నాను. రోగిని చూడటానికి వెళ్తే ఏదో ఒకటి పట్టుకుపోవాలి కదా అన్న అలవాటు. నేను చేసిన రోగికి నేనే బత్తాయిలు. అక్కడినుంచి అబిడ్స్ దాకా నడిచే వెళ్ళాను. ఆయన ఇంట్లో ఉంటాడనుకోలేదు, ఇంట్లో కూర్చునే మనిషి కాదు. మెట్ల కింద దీపం వెలుగుతోంది.

కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి పట్టీలో ఉంది, బొటనవేలు మాత్రం బయటికి, ఉబ్బి, నల్లగా. ఎడమచేత్తో సన్నటి పట్కారు పట్టుకుని ఒక మరసీలను ఎత్తుతున్నాడు. ఎత్తాడు, జారింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ జారింది. బల్ల మీద పేర్ల చీటీలు కట్టిన గడియారాలు పది దాకా ఉన్నాయి. ఒకావిడ వచ్చి తనది అడిగితే, "వచ్చే నెల సూద్దామమ్మా" అని చెప్పి పంపాడు.

నేను బత్తాయిల సంచీ కింద పెట్టాను. నన్ను చూసి భూతద్దం తీశాడు. లేచి పోదామనుకున్నాడేమో, ఆ మూలలోంచి బయటికి దారి నా పక్కనుంచే ఉంది.

"అన్నా, నువ్వు కాదు. మా అమ్మ రోకలి ఇసిరింది. నాకిప్పుడే తెలిసింది" అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను.

"నాకెర్కనే" అన్నాడు.

"ఏమెర్క?"

"మధ్యాన్నం బువ్వకు ఇంటికొచ్చి, వాన సూస్కుంట కిటికిల నిలవడ్డ. రోకలి నా కండ్ల ముంగటికెళ్ళే వొయ్యింది. రాళ్ళు జర తగ్గినంక అవ్వ నెత్తి మీద గిన్నె వెట్టుకోని, చెప్పుల్లేకుంట దిగి దాన్ని తీస్కపొయ్యింది. నన్ను సూసి దండం వెట్టింది, చెప్పకు బిడ్డా అన్నట్టు."

"మరి గేటు కాడ ఎందుకు చెప్పలేదన్నా? ఒక్క మాట చెప్తే నిన్ను ఇడిశిపెడ్తుంటి గద."

"నన్ను ఇడిశిపెడ్తుంటివి." పట్కారును బల్ల మీద గడియారాల పక్కన సరిగ్గా పెట్టాడు. "మెట్లెక్కి పైకి వోతుంటివి. ఆమెకు డెబ్బై ఏండ్లు తమ్మీ. నాకైతె వేళ్ళే వొయినయ్."

మా అమ్మ మీద నేనెన్నడూ చెయ్యి ఎత్తనని, అంతటి కసాయిని కానని చెప్పబోయాను. మాటతో పాటే చెయ్యి ముందుకు చాపాను. ఆయన పట్టీ కట్టిన చేతిని చటుక్కున బల్ల కిందికి లాక్కున్నాడు.